విశ్రాంత జీవితమూ, మా ఊరి అరుగులూ

గతసారి మోకాళ్ళ అరుగుదలను గురించి వ్రాశాను. ఈసారి అరుగులను గురించి వ్రాస్తున్నాను. ఈ రెండింటికీ ఏమి సంబంధమని మీరు అనుకోవచ్చు. ఉన్నదని వ్యాసం చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

ఉద్యోగ విరమణ చేసినవారు నన్ను తరచుగా అడిగేది రక్తపోటును గురించో, చక్కెరను గురించో కాదు. "ఇక పొద్దు గడిచేదెట్లా డాక్టరుగారూ?" అని అడుగుతారు. మందులచీటీ మీద వ్రాయదగిన జవాబు నాకు తోచక, మా నేలకొండపల్లి గతంలో వెదకడం మొదలుపెట్టాను. ముదిమి వచ్చినవారు ఇక్కడ ఎట్లా కూడేవారు, ఎవరిని కూడనిచ్చేవారు, ఎవరిని కూడనివ్వలేదు అన్నది చూశాను. వైద్యానికి పనికివచ్చే సంగతులే దొరికాయి.

మా ఊరు చిన్నదే గాని, వయస్సు పెద్దది. విరాటరాజు కొలువు ఇక్కడే ఉండేదనీ, పాండవులు అజ్ఞాతవాసం ఇక్కడే గడిపారనీ స్థానికుల నమ్మకం. తవ్వకాలలో బయటపడినవి మాత్రం బౌద్ధ అవశేషాలు: ఇటుకల మహాస్తూపం, విహారాల పునాదులు, బుద్ధ ప్రతిమలు. బౌద్ధ భిక్షువులు సంవత్సరంలో అధికభాగం తిరుగుతూనే ఉన్నా, వానకాలం మూడు నెలలూ ఒకచోట కలిసి నివసించాలన్నది వారి నియమం. ఇల్లూ వాకిలీ విడిచినవానికి జబ్బు చేస్తే చూసే బిడ్డలుండరు కనుక, తోటి భిక్షువులే శుశ్రూష చేయాలన్నది కూడా నియమమే. వృద్ధులను చూసుకొనే భారాన్ని రక్తసంబంధం మీద గాక కలిసి జీవించేవారి మీద పెట్టిన ఏర్పాటు ఇది. పిల్లలు హైదరాబాదులోనో, డల్లాసులోనో ఉన్న తల్లిదండ్రులు నా దగ్గరకు వచ్చినప్పుడల్లా ఆ ఇటుకల గుట్ట నాకు గుర్తుకు వస్తుంది.

అక్కడినుండి పదిహేడవ శతాబ్దానికి వస్తే, మా ఊరివారిలో మిక్కిలి ప్రసిద్ధుడు ఒక ప్రభుత్వోద్యోగి. ఆయన కంచర్ల గోపన్న. లోకమంతా భక్త రామదాసు అంటుంది. మాకు మాత్రం ఈ ఊరి బిడ్డ. 1672 నుండి 1687 వరకు గోలకొండను ఏలిన అబుల్ హసన్ తానీషా కాలంలో పాల్వంచ పరగణాకు తహసీల్దారు. సర్కారు సొమ్ముతో భద్రాచల ఆలయం కట్టించాడన్న నేరంపై పన్నెండేళ్ళు చెరలో ఉన్నాడని సంప్రదాయం చెబుతుంది. ఆనాటి ఉద్యోగానికి పదవీ విరమణ వయస్సు లేదు. ఏలిక దయ ఉన్నన్నాళ్ళు ఉద్యోగం, లేనినాడు ఇల్లో, చెరో. నెలనెలా అందే పింఛను అన్న ఊహకే తావు లేదు.

విరమణ వయస్సు ఎంత కొత్తదో చాలామందికి తెలియదు. జర్మనీలో బిస్మార్క్ ప్రభుత్వం 1889లో వృద్ధాప్య పింఛను చట్టం చేసినప్పుడు నిర్ణయించిన వయస్సు 70. దానిని 65కు తగ్గించినది 1916లో. డెబ్బయ్యేళ్ళ వరకు బ్రతికే కార్మికులు ఆనాడు తక్కువే కనుక, ఖజానాకు పెద్ద భారమేమీ కాలేదు. మన ప్రాంతానికి ఈ ఊహ నిజాం సర్కారు నౌకరీలతో వచ్చింది. ఇక్కడి పెద్దలు పింఛనును వజీఫా అనేవారు. "ఆయనకు వజీఫా అయింది" అంటే ఉద్యోగం అయిపోయిందని అర్థం. కాని ఊళ్ళో వజీఫా అందుకొనేవారు వేళ్ళమీద లెక్కించదగినంతమంది. పటేలు, పట్వారీల పదవులు వంశపారంపర్యం. చేతకానినాడు తండ్రి కొడుక్కు అప్పగించేవాడు. రైతు, కూలి, కుమ్మరి, చాకలి, వీరికి విరమణ అన్న మాటే లేదు. చెయ్యి ఆడినంతకాలం పని చేయడం, ఆడనినాడు గడపదగ్గర కూర్చోవడం. అంతే.

ఆ గడపను ఆనుకొని ఉన్నదే అరుగు. వీధివాకిలికి ఇరువైపులా మోకాలెత్తున మట్టితోనో, రాతితోనో కట్టి, పేడతో అలికేవారు. పొద్దుటి ఎండ ఒక వరుస ఇళ్ళ అరుగులమీద, సాయంత్రపు ఎండ ఎదుటి వరుస మీద పడేది. ముసలివారు ఎండనుబట్టి అరుగు మారేవారు. రోజుకు రెండుసార్లు లేచి వీధి దాటి, మళ్ళీ కూర్చోవడం ఒక వ్యాయామమని ఆనాడు ఎవరూ అనుకోలేదు. నేల మీదినుండి గాక మోకాలెత్తునుండి లేవడం కీళ్ళకు ఎంత సుఖమో నా రోగులకు ఇప్పుడు నేను చెప్పవలసి వస్తున్నది. అంతకన్న ముఖ్యమైనది మరొకటి. రోజూ కూర్చునేవాడు ఒకపూట కనిపించకపోతే "పెదనాయన ఇయ్యాల బయటికి రాలేదేంది?" అని ఎవరో ఒకరు లోపలికి తొంగిచూసేవారు. జ్వరమో, పక్షవాతమో, పడిపోవడమో గంటల్లో బయటపడేది. ఈనాడు తాళం వేసిన గేటు వెనుక రెండు రోజులకు గాని బయటపడడం లేదు.

అయితే అరుగును స్వర్గంగా చిత్రించడం నాకు ఇష్టం లేదు. అది ఇల్లుగలవాడిది. ఏ కులంవారు ఎవరి అరుగు ఎక్కవచ్చునో ఊరంతటికీ తెలుసు. కూలివాడు అరుగు కింద నిలబడి మాట్లాడేవాడు. ముసలితనం వచ్చినా నిలబడే. స్త్రీలకు అరుగు పొద్దెక్కాక మగవారు పొలాలకు వెళ్ళిన తరువాత దొరికిన కాసేపే. వారి కూడికలు బావిదగ్గర, దొడ్లో, బతుకమ్మ ఆటలో.

నిజాం పాలనలో కూడడమే అనుమానించదగిన పనిగా ఉన్న రోజులు కూడా ఉన్నాయి. 'గస్తీ 53' అని ప్రసిద్ధికెక్కిన ఉత్తర్వు ప్రకారం ముందస్తు అనుమతి లేనిదే సభ జరపరాదు. అందుకే తెలంగాణలో గ్రంథాలయం అంతటి ఆశ్రయమైంది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలిశాయి. ఆ ఉద్యమం నుండి వచ్చినవారే ఆంధ్రమహాసభలు నడిపారు. 1934లో ఖమ్మంలో మూడవ మహాసభ జరిగింది. దానితోపాటు మహిళాసభ కూడా. ఊళ్ళో పత్రిక ఒకటే వచ్చేది. చూపున్న ఒకరు బిగ్గరగా చదివితే, చూపు మందగించిన పెద్దలు చుట్టూ కూర్చొని వినేవారు. ఈనాటి మండల గ్రంథాలయాలలో ఉదయం తొమ్మిదింటికి పత్రిక కోసం కాచుకొని ఉండే తెల్లజుట్టులను చూసినప్పుడు, వారు చదవడానికి మాత్రమే వచ్చారని అనుకోకండి.

ఇక నేను కళ్ళారా చూసిన చరిత్రకు వస్తాను. 1983 ఫిబ్రవరిలో, కొత్తగా అధికారంలోకి వచ్చిన ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఉద్యోగ విరమణ వయస్సును 58 నుండి 55కు తగ్గించింది. ఫిబ్రవరి 28 సాయంత్రం ఒక్కసారిగా 18,000 మందికి పైగా ప్రభుత్వోద్యోగులు, ప్రభుత్వ రంగ సంస్థలలో మరో 10,000 మంది ఇంటిముఖం పట్టారు. యువకులకు ఉద్యోగాలు దొరకాలన్నది ఉద్దేశ్యం. ఆ ఉద్దేశ్యాన్ని నేను తప్పుపట్టను. 1984 ఆగస్టులో వయస్సు మళ్ళీ 58 అయింది. ఆ మధ్యలోనే, 1984 జనవరిలో, పటేలు పట్వారీల వ్యవస్థ రద్దయింది. ఏడాది తిరగకుండానే ఊరూరా అరుగులమీద కొత్త మనుషులు కనిపించారు. నిన్నటిదాకా హాజరుపట్టీ, పహాణీ చేతిలో ఉన్నవారు. ఇవాళ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనివారు.

అప్పుడు నేను ముప్పై దాటిన వైద్యుణ్ణి. ఒక ప్రధానోపాధ్యాయుడు ఆసుపత్రికి వచ్చారు. గుండె దడ, నిద్ర పట్టకపోవడం. నాడి చూశాను, సరిగానే ఉంది. రక్తపోటు కొద్దిగా ఎక్కువ. మాత్రలు వ్రాసి పంపాను. పది రోజులకు మళ్ళీ వచ్చారు, మరికొన్నాళ్ళకు మూడవసారి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు కలాలు. మూడుసార్లూ ఆయన వచ్చినది సరిగ్గా బడి గంట కొట్టే వేళకే. అది నేను గమనించాను గాని, దానిని రోగలక్షణంగా గుర్తించలేదు. "మాష్టారూ, రోజంతా ఏం చేస్తున్నారు?" అన్న ఒక్క ప్రశ్న అడగలేదు. నాలుగవసారి ఆయన రాలేదు. నయమైందనుకున్నాను. ఆ ఏడాది చివర, నిద్రలోనే పోయారని ఎవరో చెప్పారు. పని లేకపోవడమే ఆయనను చంపిందని నేను చెప్పను. ఒక వైద్యుడు అట్లా చెప్పకూడదు. కాని ఆ ప్రశ్న అడగనందుకు నలభై యేళ్ళుగా నాకు సమాధానం దొరకలేదు. నేను విరమణ చేసిన తరువాతి సోమవారం, ఉదయం తొమ్మిదింటికి స్నానం చేసి, చొక్కా తొడుక్కొని, ముందుగదిలో కుర్చీలో కూర్చున్నాను. మా ఇంట్లోవారు "ఎక్కడికి?" అని అడిగారు. అప్పుడు ఆ మాష్టారి జేబులోని కలాలు గుర్తుకు వచ్చాయి.

2010లో అమెరికాలో జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్, ఆమె సహచరులు 148 అధ్యయనాలను కలిపి పరిశీలించారు. మొత్తం 3,08,849 మంది, సగటున ఏడున్నరేళ్ళ కాలం. సాంఘిక సంబంధాలు బలంగా ఉన్నవారు బ్రతికి ఉండే అవకాశం లేనివారికంటె 50 శాతం ఎక్కువగా కనిపించింది. జబ్బుపడ్డవారు బయటికి వెళ్ళలేరు గనుక, ఏది కారణమో ఏది కార్యమో విడదీయడం కష్టమని మీరు అనవచ్చు. సరైన ఆక్షేపణే. అధ్యయనం మొదట్లో వారి ఆరోగ్యం ఎట్లా ఉన్నదో చూసి లెక్కించినా తేడా నిలిచిందని మాత్రం చెప్పగలను.

ఆ 1983 దెబ్బకు కొన్ని నెలల ముందే, 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు డి.ఎస్. నకారా కేసులో తీర్పు ఇచ్చింది. పింఛను ఏలినవారి దయాధర్మం కాదు, ఉద్యోగి చేసిన సేవకు అతని హక్కు అన్నది దాని సారం. ఏటా ఆనాడు పింఛనుదారుల దినం జరుపుకొంటున్నాము. మండల కేంద్రాలలో సంఘాలు బలపడినదీ ఈ హక్కుల పోరాటంతోనే. కరువుభత్యం బకాయిలను గురించి వినతిపత్రం వ్రాయడానికి కలిసినవారు, అది వ్రాసిన తరువాత కూడా వెంటనే లేచిపోరు. ఒకరి మనుమరాలి పెండ్లి, ఒకరి కంటి ఆపరేషను, ఒకరి మరణం. వినతిపత్రానికి జవాబు వచ్చినా రాకున్నా, వచ్చే నెల మళ్ళీ కలుస్తారు.

ఇక్కడొక చిత్రమైన సంగతి. పూర్వం ఏటా ఒకసారి, తాను బ్రతికే ఉన్నానని నిరూపించుకొనేందుకు ప్రతి పింఛనుదారూ స్వయంగా ఖజానా కార్యాలయానికో, బ్యాంకుకో వెళ్ళవలసి వచ్చేది. వరుసలు, ఎండ, అవమానంగా తోచే ప్రశ్నలు. నేనూ విసుక్కున్నాను. 2014 నవంబరులో కేంద్ర ప్రభుత్వం 'జీవన్ ప్రమాణ్' ప్రవేశపెట్టింది. వేలిముద్ర వేస్తే చాలు. తరువాత మన రాష్ట్రంలో సెల్‌ఫోనులో ముఖం చూపించే సదుపాయమూ వచ్చింది. మంచం పట్టినవారికి ఇది ఎంతో మేలు. కాని ఆ వరుసలోనే కదా, ఇరవై యేళ్ళ క్రితం కలిసి పనిచేసిన కంపౌండరును నేను మళ్ళీ చూసింది! ఏడాదికొకసారి నిజంగా బ్రతికి ఉన్నవారెవరో ఒకరినొకరు చూసుకొనేవాళ్ళం. ఇప్పుడు యంత్రం చూస్తున్నది. ఆ వరుసలు మళ్ళీ రావాలని నేను కోరను. కాని పోయినదాని బదులు మరొకటి మనమే పెట్టుకోవాలి.

అరుగులూ పోయాయి. రోడ్డు వెడల్పులో కొన్ని, ప్రహరీగోడలతో కొన్ని, టీవీతో మిగిలినవి. మా ఊళ్ళో కొందరం శనివారం సాయంత్రాలు భజనకు చేరుతున్నాము. రామదాసు పుట్టిన ఊళ్ళో దానికి వేరే కారణం వెదకనక్కరలేదు. భక్తి సంగతి అటుంచితే, బృందంగా పాడడంలో ఊపిరి నిండా తీసుకొని, కొంచెం కొంచెంగా విడువవలసి ఉంటుంది. పొగ మానివేసి ఆయాసపడే మా మిత్రుడొకరికి నేను వ్రాసిచ్చిన శ్వాస వ్యాయామాలు ఆయన ఏనాడూ చేయలేదు. చరణాలు మాత్రం విడువకుండా పాడుతున్నాడు.

ఆ భజనకు వచ్చేవారు ఒక్కొక్కరే ఎందుకు మానివేస్తున్నారో ఒక ఏడాది పాటు గమనించాను. భక్తి తగ్గి కాదు. ఒకాయనకు చెవులు వినిపించవు. అందరూ నవ్వినప్పుడు తానూ నవ్వి, అర్థం కాని సిగ్గుతో మానుకున్నాడు. ఒకాయనకు రక్తపోటుకు నీటిమాత్ర; వేసుకున్న కాసేపటి నుండి మాటిమాటికీ లేవవలసి వస్తుంది. ఒకావిడకు దగ్గితే మూత్రం పడుతుంది. ఆ మాట నాతో చెప్పడానికి ఆమెకు రెండేళ్ళు పట్టింది. ఇద్దరికి మోకాళ్ళు, నేలమీద కూర్చుంటే లేవలేరు. వీటిలో చికిత్సకు లొంగనిది ఒక్కటీ లేదు. చెవిలో గులిమి తీయించినా కొందరికి వినికిడి మెరుగవుతుంది, లేకుంటే వినికిడి యంత్రం ఉన్నది. నీటిమాత్ర వేళను మీ వైద్యుణ్ణి అడిగి మార్చుకోవచ్చు, అడగకుండా మానవద్దు. కటి కండరాల వ్యాయామంతో మూత్రం జారడం చాలామందిలో తగ్గుతుంది. మోకాళ్ళకు మేము చేసిన వైద్యం నాలుగు కుర్చీలు తెప్పించడం. కుర్చీలో కూర్చొని భజన చేయడం అపచారమని మొదట గొణిగిన ఇద్దరు పెద్దలు, ఇప్పుడు అందరికంటె ముందు వచ్చి ఆ కుర్చీలే పట్టుకుంటున్నారు. 2024లో లాన్సెట్ కమిషన్ డిమెన్షియా, అంటే మతిభ్రంశ వ్యాధి, రాకుండా మార్చుకోదగిన కారణాలు 14 అని చెప్పింది. వినికిడి లోపం, చూపు లోపం, నలుగురితో కలవకపోవడం ఆ పట్టికలో ఉన్నాయి. చూపు విషయంలో మన జిల్లాకు ఒక మేలు జరిగింది: 2023 జనవరి 18న కంటివెలుగు రెండవ విడత ఖమ్మంలోనే ప్రారంభమైంది. ఆ కళ్ళద్దాలు పెట్టెలో పెట్టి దాచినవారు మా ఊళ్ళోనే నాకు ముగ్గురు తెలుసు.

ఇంతవరకు వ్రాసినదంతా పింఛను ఉన్నవారి చరిత్ర, ఎక్కువగా మగవారి చరిత్ర. మిరప కోతల తరువాత మా వైపు వచ్చి చూడండి. ఖమ్మం మిర్చికి పేరుపొందిన అంగడి. కాయలకు తొడిమలు తీయడానికి గుండ్రంగా కూర్చున్నవారిలో అరవై, డెబ్బయి యేళ్ళ అవ్వలు ఎందరో ఉంటారు. తుమ్ములు, దగ్గు, మండే వేళ్ళు. "ఈ వయస్సులో ఎందుకమ్మా?" అని ఒకామెను అడిగాను. "ఇంటికాడ ఒక్కదాన్ని ఏం జేద్దు సారూ, ఈడ నలుగురుంటరు" అన్నది. కూలి డబ్బు మాట ఆమె తరువాత చెప్పింది, కాని చెప్పింది. దానిని మరచి, శ్రమను వినోదంగా వర్ణించే పాపం నేను చేయను. నాటి ఉమ్మడి రాష్ట్రంలో 2009 నవంబరు 1న 'అభయహస్తం' అని ఒక పథకం మొదలైంది. స్వయం సహాయక బృందంలోని స్త్రీ రోజుకొక రూపాయి, ప్రభుత్వం ఒక రూపాయి వేస్తే, అరవై దాటాక నెలకు 500 రూపాయలకు తగ్గకుండా పింఛను. పల్లెటూరి కూలి స్త్రీకి కూడా విరమణ వయస్సు ఒకటి ఉంటుందని చెప్పిన పథకం అది. తరువాత ఆగిపోయింది. ఇప్పుడు వారికున్నది ప్రభుత్వమిచ్చే పింఛను. దానితో మందులు వస్తాయి, తోడు రాదు.

స్త్రీలు తమంతట తాము కట్టుకొన్న కూడిక ఒకటి మాత్రం నాకు ఆశ కలిగిస్తున్నది. భద్రాచలం కళ్యాణానికి తానీషా కాలంనుండి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు రావడం అందరికీ తెలిసినదే. ఈమధ్య కాలంలో కోరుకొండ, చీరాల ప్రాంతాల భక్తబృందాలు రాముని పేర వరి పండించి, ఆ వడ్లను రోటిలో దంచకుండా ఒక్కొక్క గింజనూ గోటితో ఒలిచి 'గోటి తలంబ్రాలు' పంపుతున్నాయి. ఇప్పుడు మా వైపూ వడ్లు పంచుకొని ఒలిచేవారున్నారు. ఒకరి ఇంటి వసారాలో పదిమంది చేరితే, మధ్యాహ్నం రెండింటినుండి దీపాల వేళ వరకు చేతులూ ఆడుతుంటాయి, నోళ్ళూ ఆడుతుంటాయి. ఎవరి కులమేదో ఆ పళ్ళెంలో కలిసిన గింజలకు తెలియదు. ఒకే ఒక వైద్య సలహా: బొటనవేలి మొదట కీలునొప్పి ఉన్నవారు పావుగంట ఒలిచి, పావుగంట ఆగాలి. ఆగిన పావుగంటలో లేచి నాలుగడుగులు వేయాలి.

పోయిన ఏడు ఆ వసారాలో నన్ను కూడా కూర్చోబెట్టి దోసెడు వడ్లు ఇచ్చారు. అరగంటలో నేను ఒలిచినవి ఇరవై గింజలు కూడా లేవు. వాటిలో సగం విరిగాయి. విరిగినవి తలంబ్రాలకు పనికిరావని పక్కన పెట్టి, ఒక అవ్వ నాతో, "రేపు మళ్ళీ రా డాక్టరయ్యా, చెయ్యి తిరుగుద్ది" అన్నది.